అత్తగారి నోట బీప్

ఆ రోజుకి దుమారం వేసుకున్న పథకం చాలా సులువైనది. పొద్దున కాఫీ, మధ్యాహ్నం ట్రైలర్ విడుదల, సాయంత్రానికి గొడవ, ఒకటి రెండు రోజుల్లో సెన్సారు బోర్డు వారి నిషేధం, ఆ వెంటనే విలేకరుల ముందు కన్నీళ్ళు. కన్నీళ్ళ వరకు అద్దం ముందు సాధన కూడా అయిపోయింది. ఏ కన్ను ముందు తుడుచుకుంటే బాగుంటుందన్నది ఒక్కటే ఇంకా తేలలేదు.

దుమారం అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. అతను తీసే డాక్యుమెంటరీలు చూసి తోటివాళ్ళు వెక్కిరింతగా పెట్టారు. అతను దాన్ని బిరుదుగా స్వీకరించి విజిటింగ్ కార్డు మీద అచ్చు వేయించుకున్నాడు. శవాగారం మీద ఒకటి తీస్తే బోర్డు ఆపేసింది. సబ్బుల తయారీ మీద ఇంకొకటి తీస్తే సగానికి సగం కోసేసింది. కోసిన సగంలో ఏముందోనని ఊహించుకుంటూ జనం మిగిలిన సగాన్ని విరగబడి చూశారు, కొన్నాళ్ళు సబ్బు ముట్టుకోలేదు. బోర్డు వద్దనకపోతే తన చిత్రాలను ఇంట్లోవాళ్ళు తప్ప ఎవరూ చూడరని దుమారానికి బాగా తెలుసు. ఇంట్లోవాళ్ళు కూడా మొహమాటానికే చూస్తారన్న సంగతి మాత్రం తెలియదు.

ఈసారి తీసిన చిత్రం పేరు 'పాతాళంలో ఏముంది?'. నగరం కింది మురుగు కాలువల్లో చెప్పరాని ఘోరాలు దొరుకుతాయన్న ఆశతో, ముక్కుకు గుడ్డ కట్టుకుని నెలల తరబడి తిరిగాడు. బురద దొరికింది. ఇంకా లోపలికి వెళితే కొంచెం పల్చటి బురద దొరికింది. ఒకచోట పిల్లల బూటు ఒకటి కనబడి గుండె ఝల్లుమంది కానీ, ఆ బూటు తాలూకు తల్లి అప్పటికే పైన నిలబడి, "అదిగో, అదే, ఇలా అందివ్వండి" అని చెయ్యి చాపుతోంది.

కాఫీ తాగి ఎడిటింగ్ గదికి వెళ్ళేసరికి కత్తెర ముఖం వేలాడేసుకుని కూర్చున్నాడు. కత్తెర అంటే దుమారం చిత్రాలన్నింటికీ ఎడిటర్, కాలేజీ నాటి స్నేహితుడు. పని దగ్గర మాత్రం 'గురువుగారూ' అంటాడు. అందులో గౌరవం ఎంతో వెటకారం ఎంతో ఇద్దరూ ఎప్పుడూ తేల్చుకోలేదు.

"గురువుగారూ, దీనికి బోర్డువాళ్ళు అభ్యంతరం చెప్పరండీ. నిద్రపోతారు."

"మరీ అంతలా ఉందా?"

"నేను కోస్తూ కోస్తూనే నిద్రపోయాను. చేతికి ఏదైనా అయ్యుంటే మీదే పూచీ."

దుమారం గదిలో అటూ ఇటూ తిరిగాడు. గది చిన్నది కాబట్టి తిరగడం తొందరగానే అయిపోయింది.

"ఒక పని చెయ్యి. జనం మాట్లాడే చోటల్లా బీప్ వెయ్యి. ఎవరి చెయ్యి లేచినా దానిమీద మసక వెయ్యి. ఘోరాన్ని చూపిస్తే బోర్డువాళ్ళు దానికి అలవాటు పడతారోయ్. మనమే దాచేశామనుకో, వాళ్ళ బుర్రలే వాళ్ళని భయపెడతాయి."

"వీళ్ళెవరూ బూతులు మాట్లాడలేదు కదండీ. ఏ మాట మీద వెయ్యమంటారు?"

"ఏదో ఒక మాట. నీకు ఏది బుద్ధి పుడితే అది."

కత్తెరకు నిద్రమత్తు వదిలింది. మధ్యాహ్నానికి, గొట్టాల కొలతలు చెబుతున్న మేస్త్రీ మాటలు కూడా సంసారులు వినలేనట్టు తయారయ్యాయి. అన్నింటికన్నా గొప్పగా కుదిరింది మాత్రం దుమారం అత్తగారి ముక్క.

అత్తగారు ఒకటో తరగతి టీచరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. కూతురూ అల్లుడితోనే ఉంటుంది. ఎవరినీ ఏకవచనంలో పిలిచి ఎరగదు. గుమ్మంలో పడుకున్న వీధికుక్కను కూడా "మీరు కొంచెం పక్కకు జరుగుతారా?" అని అడుగుతుంది. వాళ్ళ వీధి మలుపులో మ్యాన్‌హోల్ మూత పోయి ఏళ్ళు గడిచాయి. ఆమె ఎన్ని అర్జీలు పెట్టినా మున్సిపల్ ఇంజనీరు చెవిన వేసుకోలేదు. చివరికి ఆమె కాలే అందులో పడి బెణికింది. నిడివి చాలక దుమారం ఆమె చేత కెమెరా ముందు రెండు మాటలు చెప్పించాడు. ఆమె చేతులు జోడించి, "ఇంజనీరు గారూ, దయచేసి ఆ మూత వేయించండి. మీకు తీరిక లేకపోతే కాస్త ఎవరినైనా పంపండి నాయనా. మీ మేలు మరచిపోను" అంది.

కత్తెర చేతిలో పడ్డాక అది ఇలా వచ్చింది: "ఇంజనీరు గారూ, బీప్, ఆ మూత వేయించండి. మీకు తీరిక లేకపోతే, బీప్, ఎవరినైనా పంపండి, బీప్. మీ బీప్ మరచిపోను." జోడించిన చేతుల మీద మసక పడేసరికి, నెరిసిన జుట్టుతో అంత ప్రశాంతమైన ముఖం పెట్టుకుని ఆ చేతులతో ఆవిడ ఏం చూపిస్తోందో ఊహించడానికే భయం వేసేటట్టుంది.

దుమారం ఒక్క క్షణం తటపటాయించాడు. ఎంతైనా అత్తగారు. కానీ ఆవిడ ఫోను చూడదు, సినిమాలు చూడదు, ఎవరు చెబుతారు? ట్రైలర్‌లో ఆ ముక్కనే ముందు పెట్టించి వదిలేశాడు.

సాయంత్రానికి గొడవ అనుకున్నాడు కదా, అది సాయంత్రం దాకా ఆగలేదు. దుమారం భార్య మందుల దుకాణం నడుపుతుంది. తలనొప్పి మాత్రకని వచ్చినవాళ్ళు మాత్ర సంగతి మరచిపోయి, "మీ అమ్మగారు ఏమన్నారండీ?" అని గుసగుసగా అడగడం మొదలుపెట్టారు. ఆమె ట్రైలర్ చూసి భర్తకు ఫోను చేసింది.

"ఏమండీ, మా అమ్మ ఏమంది?"

"ఏమీ అనలేదు. దయచేసి అంది."

"నేనడిగేది ఆ బీప్ కింద ఏముందని."

"అదే చెబుతున్నా. దాని కింద ఉన్నది 'దయచేసి'."

"ఆ చేతులో?"

"నమస్కారం."

"దయచేసికి బీపు, నమస్కారానికి మసక! కట్టుకున్న పెళ్ళానికి కూడా చెప్పలేనంత మాట అన్నమాట. సరే, అర్థమైంది" అని ఫోను పెట్టేసింది.

ఉన్న నిజాన్ని ఉన్నట్టు చెబితే ఎవరూ నమ్మకపోవడం దుమారానికి కొత్త. ఇంతకాలం అతను చెప్పినవన్నీ నమ్మేవారు.

ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు హాల్లో కుర్చీ అంచున కూర్చుని ఉంది. ఆమె పాత విద్యార్థి, ఇప్పుడు బ్యాంకు మేనేజరు, ఫోను చేసి "మేడమ్, అది మీరేనా?" అని ఏడ్చాడట. ఎదురింటివాళ్ళు ఫోను తెచ్చి చూపించారు కూడా. అల్లుణ్ణి చూడగానే లేచి నిలబడింది.

"బాబూ, అక్కడ నేను ఏమన్నానండీ? నాకు గుర్తున్నంతవరకు మర్యాదగానే అన్నాను. వయసు మీద పడుతోంది కదా, తెలియకుండా నోరు జారిందేమో!"

దుమారానికి తల కొట్టేసినట్టయింది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు కూడా. సరిగ్గా అప్పుడే వెనకాల విలేకరి ఒకడు మైకు పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. "తరవాత చెబుతాను అత్తయ్యా" అనేసి అటు తిరిగాడు. అతను మళ్ళీ ఇటు తిరిగేసరికి ఆవిడ గది తలుపు మూసి ఉంది.

కాసేపటికి, ఆమె పనిచేసిన బడి నుంచి ఫోను వచ్చింది. వార్షికోత్సవంలో పిల్లలకు మంచీ మర్యాదా గురించి మాట్లాడమని ఆవిణ్ణి పిలిచారు. ఆ నాలుగు మాటలు ఎలా చెప్పాలా అని ఆవిడ కొన్ని రోజులుగా గదిలో తనకు తానే చెప్పుకుంటోంది. ఇప్పుడు హెడ్మిస్ట్రెస్ గొంతు తగ్గించి, "పరిస్థితి చక్కబడ్డాక చూద్దామండీ" అంది. ఫోను ఎత్తింది దుమారం భార్య. పెట్టేసి, భర్త ముందుకు వచ్చి నిలబడింది.

"మా అమ్మకి ఉన్న ఆస్తల్లా ఆ మంచి పేరే. అది మళ్ళీ ఆవిడ చేతికి వచ్చేదాకా మీరు ఈ ఇంట్లో నన్ను కాఫీ అడగొద్దు, భోజనం అడగొద్దు, అసలు ఏమీ అడగొద్దు."

మర్నాడే చిత్రం తెచ్చి చూపించమని సెన్సారు బోర్డు పిలిచింది. మామూలు రోజుల్లో అయితే దుమారం నెత్తిన పాలు పోసినట్టుండేది. ఆ రోజు ఖాళీ కడుపుతో, కత్తెరను వెంటబెట్టుకుని వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాడు. బోర్డులో అధ్యక్షురాలు మాజీ న్యాయమూర్తి. పక్కన ఒక పిల్లల డాక్టరు, ఒక భాషా పండితుడు. చిత్రం అయిపోయి దీపాలు వెలిగాక ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

"ఆ మొదటి బీప్ కింద ఏముండి ఉంటుంది? ఎవరికి తోచింది వారు చెప్పండి. మొహమాటం వద్దు, ఇది మన విధి" అంది అధ్యక్షురాలు.

డాక్టరు గొంతు సవరించుకుని ఒక మాట అన్నాడు. అధ్యక్షురాలు తల అడ్డంగా ఊపి, అది అంత చిన్న మాటై ఉండదని, తన ఎదుట ఒక గజదొంగ వాడిన మాట ఒకటి చెప్పింది. పండితుడు కళ్ళు మూసుకుని, "అక్కడ నాలుగక్షరాల జాగా ఉంది" అని, మిగతా ఇద్దరూ ఎన్నడూ వినని మాట ఒకటి పలికాడు. అర్థం అడిగితే వివరంగా చెప్పాడు. వివరణ పూర్తయ్యాక డాక్టరు తన కుర్చీని కొంచెం అవతలికి జరుపుకున్నాడు.

ఇక ఉండబట్టలేక దుమారం లేచాడు. "అమ్మా, అక్కడున్నది 'దయచేసి' అండీ."

"బోర్డుతో పరాచికాలా?" అంది అధ్యక్షురాలు. "బీప్ లేని అసలు ముక్క తెచ్చి చూపించండి."

దుమారం కత్తెర వంక చూశాడు. కత్తెర నేల వంక చూశాడు.

"బురద ఎక్కువై కంప్యూటర్‌లో చోటు చాల్లేదు గురువుగారూ. అసలువి చెరిపేశాను."

"బురద ఉంచి మా అత్తగారిని చెరిపేశావా?"

"మీరే కదండీ, బురదే మన ప్రాణం అన్నారు!"

అధ్యక్షురాలు బల్ల మీద తట్టింది. "అయితే ఒకటే దారి. ఆవిడ రేపు ఇక్కడికి వచ్చి, ఆ రోజు అన్న మాట మా ముందు మళ్ళీ అనాలి. మీరు చెప్పినట్టు మంచి మాటే అయితే, బీపులు తీసి ఆ మాట పెట్టండి, మసక తీసేయండి. పసిపిల్లలతో సహా అందరూ చూడొచ్చని సర్టిఫికెట్ ఇస్తాం."

పసిపిల్లలతో సహా! దుమారం బయటికి వచ్చి మెట్ల మీద కూలబడ్డాడు.

"అందరూ చూడొచ్చంటే ఎవరూ చూడరని అర్థం గురువుగారూ," అన్నాడు కత్తెర పక్కన కూర్చుంటూ. "ఇన్నాళ్ళ మన పేరు గంగలో కలిసిపోతుంది. అత్తగారికి ఒంట్లో బాలేదని చెప్పేద్దాం."

అది చెప్పడం చాలా తేలిక. దుమారం చెప్పేసేవాడే. కానీ, 'నోరు జారిందేమో' అన్నప్పటి ఆవిడ ముఖం కళ్ళముందు నుంచి కదలడం లేదు. అంత పెద్దావిడ, తప్పు తనదేనేమోనని అతని ముందు నిలబడి అడిగింది. అతనికి నిజంగా సిగ్గేసింది. సిగ్గు అతనికి అలవాటు లేని వస్తువు కావడంతో, ముందు ఆకలేమో అనుకున్నాడు.

ఇంటికి వెళ్ళి, మూసిన తలుపు ముందు నేల మీద కూర్చున్నాడు. "అత్తయ్యా, మీ నోరు జారలేదు. మీరు 'దయచేసి' అన్నారు, 'కాస్త' అన్నారు, 'నాయనా' అన్నారు. నేనే వాటిమీద బీప్ వేయించాను."

లోపలి నుంచి అత్తగారి గొంతు వినబడింది. "దయచేసిని ఎందుకు దాచారు బాబూ?"

"దాస్తే జనం చూస్తారని."

"చూశారా?"

"విరగబడి చూస్తున్నారండీ."

తలుపు తెరుచుకుంది. బోర్డు ఆవిణ్ణి రమ్మన్న సంగతి కూడా చెప్పాడు. వంటగదిలోంచి అంతా విన్న భార్య కాఫీ తెచ్చి పెట్టింది. గ్లాసు పెట్టిన చప్పుడు మాత్రం మామూలు కంటే గట్టిగా వచ్చింది. మర్నాడు బోర్డు ముందుకు వెళ్ళి ఆ మాట అనేసి వస్తానని, బడివాళ్ళకు మళ్ళీ తన ముఖం చూపించుకోగలనని అత్తగారే అంది. ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

పొద్దున్నే అత్తగారు, కూతురు, అల్లుడు ముగ్గురూ బయలుదేరారు. గేటు తీయగానే ఎదురింటాయన పరుగున వచ్చాడు. తన చెత్తబుట్టను ఎప్పుడూ వీళ్ళ గోడకు ఆనించి పెట్టేవాడు. ఇప్పుడు దాన్ని రెండు చేతులా ఎత్తుకుని, "పొరపాటైందండీ, ఇంకెప్పుడూ పెట్టను" అని వెనక్కి వెనక్కి నడిచి వెళ్ళిపోయాడు. వీధి మలుపులో మ్యాన్‌హోల్‌కు కొత్త ఇనపమూత, చుట్టూ ఇంకా ఆరని సిమెంటు. ఇంజనీరు స్వయంగా ఎండలో నిలబడి ఉన్నాడు. అత్తగారిని చూడగానే టోపీ తీసేశాడు.

"మేడమ్, రాత్రికి రాత్రే వేయించాను. పక్క వీధిలో కూడా వేయిస్తున్నాను. ఇంకేమైనా ఉంటే నాకు చెప్పండి, నాకే చెప్పండి, కెమెరాకి వద్దు."

అత్తగారు ఆ మూత మీద ముందు ఒక కాలు పెట్టి చూసింది, తరవాత రెండో కాలు పెట్టింది. అలా నిలబడి కాసేపు ఏదో ఆలోచించుకుంది. తరవాత బోర్డు ఆఫీసు వైపు నడిచింది.

ఆవిడ లోపలికి రాగానే బోర్డువాళ్ళు ముగ్గురూ లేచి నిలబడ్డారు. ఎందుకు లేచారో వాళ్ళకే తెలియలేదు. అధ్యక్షురాలు మెత్తగా, "అమ్మా, ఆ రోజు మీరు అన్న మాట మా ముందు ఒక్కసారి అనండి. మేము సిద్ధంగానే ఉన్నాం" అంది. డాక్టరు బల్ల అంచు పట్టుకున్నాడు. పండితుడు ముందుకు వంగాడు.

"చెప్పండి అత్తయ్యా," అన్నాడు దుమారం.

అత్తగారు అందరినీ నిదానంగా చూసింది. "ఆ మాట నేను ఇక అననండీ" అంది.

దుమారం నోరు తెరుచుకుని ఉండిపోయింది.

"అంటే, మీరు అన్నది నిజమేనన్నమాట!" అంది అధ్యక్షురాలు.

"అన్నానండీ. నాకు అబద్ధం చెప్పడం చేతకాదు. రోజూ అనేదాన్ని. పాలాయనతో, పక్కింటివాళ్ళతో, ఎవరు కనబడితే వాళ్ళతో."

"రోజూనా?" అన్నాడు డాక్టరు.

"పిల్లలకి కూడా నేర్పాను. పొద్దున్నే బడిలో వరసగా నిలబెట్టి, అందరిచేతా గట్టిగా అనిపించేదాన్ని."

"పిల్లలకా! ఎన్నో తరగతి?"

"ఒకటో తరగతి నుంచే అలవాటు చెయ్యాలండీ. పెద్దయ్యాక నాలుక తిరగదు. మా అమ్మాయికైతే, అమ్మా అన్న మాట తరవాత నేర్పింది అదే."

బోర్డంతా ఒక్కసారిగా కూతురి వైపు తిరిగింది. ఆమె నవ్వు ఆపుకోలేక రెండు చేతులతో ముఖం కప్పుకుంది. పాపం సిగ్గుతో చచ్చిపోతోందని డాక్టరు జాలిపడ్డాడు.

"అత్తయ్యా! అది కాదండీ! అమ్మా, ఆవిడ చెప్పేది..." అంటూ దుమారం అధ్యక్షురాలి దగ్గరికి ఉరికాడు. "అది 'దయచేసి' అండీ, ఒట్టు!"

"మీరు కూర్చోండి," అంది అధ్యక్షురాలు. "ఆ పెద్దావిడకి ఉన్న నిజాయితీలో పదో వంతు మీకు లేదు." తరవాత అత్తగారి వైపు తిరిగి, గొంతు తగ్గించి అడిగింది. "ఆ చేతుల సంగతి కూడా..."

"అదీ పిల్లలకి నేర్పాను," అంది అత్తగారు.

పండితుడు నీళ్ళ కోసం వెతుక్కున్నాడు.

బయట వరండాలో దుమారం గోడకు చేరబడి, "ఎందుకిలా చేశారు అత్తయ్యా? ఒక్క మాట అనుంటే మీ పేరు మీకు వచ్చేసేది కదా!" అన్నాడు. దాదాపు ఏడుపు గొంతే. ఏ కన్ను తుడుచుకోవాలన్న ఆలోచన ఈసారి రాలేదు.

"ఇన్నేళ్ళుగా అంటూనే ఉన్నాను బాబూ. ఒక్కరూ వినలేదు. మీరు దాన్ని వినపడకుండా చేశారు, ఊరంతా వింది. ఆ మంచి పేరుతో నేను చేయించుకోలేని పని ఈ బీపు ఒక్క రాత్రిలో చేసింది. నాకు ఇదే బాగుంది, ఉండనివ్వండి."

ఆ మాట అన్నప్పుడు ఆవిడ ముఖంలో సంతోషం ఉంది, దాని వెనక కొంచెం కష్టం కూడా ఉంది. దుమారానికి రెండూ కనబడ్డాయి. మొదటిసారిగా అతను ఆవిణ్ణి కెమెరాలోంచి కాకుండా చూశాడు.

అంతలో భార్య ఫోను మోగింది. బడి హెడ్మిస్ట్రెస్. వార్షికోత్సవానికి మేడమ్ గారు తప్పకుండా రావాలట. పిల్లలతో మాట్లాడటానికి కాదు. గేటుకు అడ్డంగా కార్లు నిలిపే తల్లిదండ్రులు ఎంత చెప్పినా వినడం లేదు, వాళ్ళ ముందు ఆవిడ ఊరికే వచ్చి నిలబడితే చాలట.

"వస్తానని చెప్పండమ్మా" అంది అత్తగారు.

బోర్డు తీర్పు ఆ వారమే వచ్చింది. పెద్దలకు మాత్రమే, బీపులు యథాతథం, మసక ఇంకాస్త చిక్కబరచాలి. మొదటి ఆటకు హాలు కిటకిటలాడింది. లోపలికి వచ్చినవాళ్ళలో సగం మంది ఆవిడ దగ్గర ఒకటో తరగతి చదివినవాళ్ళే. ఆ బీప్ కింద ఏ మాట ఉందో ఒక్కరికీ తట్టలేదు.